తొమ్మిది పేర్లు

నవంబర్ 4, మంగళవారం

ఈ డైరీ పేపర్ ఏజెంటు ఊరికే ఇచ్చాడు. పది నెలలు సొరుగులో పడి ఉంది. ఈరోజు తీశాను, ఎందుకంటే సెక్రటరీ గారు నన్ను చరిత్రకారిణిని చేశారు.

లైబ్రరీకి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయట. సావనీర్ వేస్తారట. అందులో లైబ్రరీ చరిత్ర పది పేజీలు నేను రాయాలట. మీకంటే ఎవరికి తెలుసు మేడమ్, ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉన్నారు కదా అన్నారు. గోడకి వేలాడే క్యాలెండర్ కూడా అక్కడే ఉంటుంది, దానికేం తెలుసు? పైకి మాత్రం సరే సార్ అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆయనకీ ఆయన ముందువాళ్ళకీ నేను చెప్పిన జవాబు ఇదొక్కటే.

దానికి తోడు 28న ఇన్‌స్పెక్షన్. రోజుకి సగటున అరవై మంది పాఠకులు వస్తే మా బి గ్రేడ్ నిలబడుతుంది. తగ్గితే సి. సి అంటే ఒంటిపూట లైబ్రరీ, రెండే పేపర్లు, అటెండర్ ఉండడు. మాకు అరవై నాలుగు ఉంది. నలుగురి మీద బతుకుతున్నాం.

రాసే అలవాటు లేదు. చెయ్యి తిరగాలని ఇది మొదలుపెట్టాను.

నవంబర్ 6, గురువారం

చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు రోజువారీ వాళ్ళ గురించి రాసుకుంటాను. తొమ్మిది మంది ఉన్నారు. అందరూ అరవై దాటినవాళ్ళే. తాళం తీసేసరికి మెట్ల మీద ఉంటారు. రిటైరైన బస్సు డ్రైవర్, కంపౌండర్, డ్రిల్ మాస్టారు, ఇలా. ఎవరి కుర్చీ వారిది. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఆ గొడవ తీర్చడానికి నా తల ప్రాణం తోకకి వస్తుంది.

తొమ్మిదో ఆయన ఎర్రపెన్సిల్ తాతగారు. ప్రెస్సులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దారు. ప్రెస్సు మూతపడింది, చెయ్యి ఆగలేదు. కిటికీ కింద కూర్చుని పేపరు తీసి, తప్పు కనిపించిన చోటల్లా ఎర్రగా సున్నా చుట్టి అంచున సరైన మాట రాస్తారు. ఈయన చదివాక పేపరుకి తట్టు పోసినట్టు ఉంటుందని డ్రైవర్ ఫిర్యాదు. లైబ్రరీ ప్రాపర్టీ తాతగారూ అని నేనూ రెండుసార్లు చెప్పి చూశాను. ప్రాపర్టీ నీదేనమ్మా, తప్పులు వాళ్ళవి అన్నారు. ఇక్కడికి రావడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు, పెన్సిల్ లేకుండా వచ్చిన రోజు లేదు. చెక్కిన పొట్టు కింద పడెయ్యరు, జేబులో వేసుకుంటారు. పన్నెండు కొట్టగానే లేచి వెళ్ళిపోతారు.

ఈ తొమ్మిది మందీ రిజిస్టర్‌లో సంతకం పెట్టరు. వాళ్ళ పేర్లు నేనే రాస్తాను. పది గంటలకి వరుసగా తొమ్మిది పేర్లు, సంతకం కాలమ్‌లో పైనుంచి కిందికి ఒక గీత. నాకు పని నేర్పిన పాత లైబ్రేరియన్ గారి పద్ధతి ఇది. రోజూ వచ్చేవాళ్ళని సంతకం అడగడమంటే ఇంటికొచ్చిన మేనమామని నువ్వెవరని అడగడమే అనేవారు. ఆయనకి నేర్పినాయన పద్ధతి కూడా ఇదేనట. తలెత్తి చూడక్కర్లేదు. చెయ్యి రాసుకుపోతుంది.

నవంబర్ 8, శనివారం

సావనీర్‌లో లైబ్రరీ సమాజానికి చేస్తున్న సేవ అని ఒక పేరా ఉండాలన్నారు. సరే, ఈరోజు ఎవరెవరు ఏ సేవ కోసం వచ్చారో చూస్తూ కూర్చున్నాను.

పరీక్షలకి చదివేవాళ్ళు ఇరవై ఆరుగురు. ఇళ్ళలో టీవీ మోత భరించలేక వస్తారు. పింఛను ఫారం నింపమని ముగ్గురు. ఫోన్ చార్జింగ్‌కి నలుగురు. ఫ్యాన్ కింద కూర్చోవడానికి కూరగాయలావిడ, బుట్టతో సహా. బాత్రూమ్ కోసం ఎంతమంది వచ్చారో లెక్కపెట్టలేదు. మామగారితో మాట పట్టింపు వచ్చి ఇంటికి వెళ్ళకుండా నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఒకే పేజీ తెరుచుకుని కూర్చున్న కొత్తకోడలు ఒకతె. పుస్తకం కోసం వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు మా దగ్గర లేనిదే అడిగారు.

అక్కకి చదివి వినిపించాను. అక్క లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో ఇద్దరమే. అయితే మీది లైబ్రరీ కాదే, తలుపున్న చెట్టునీడ అంది. ఆ మాట నచ్చింది. కానీ సెక్రటరీ గారు వెయ్యనివ్వరు.

నవంబర్ 9, ఆదివారం

మూడు పేజీలు రాసి చింపేశాను.

నవంబర్ 11, మంగళవారం

ఇక లాభం లేదని వెనకగదిలో కూర్చున్నాను. పాత రిజిస్టర్లన్నీ అక్కడే ఉన్నాయి. కౌంటర్ అటెండర్‌కి అప్పగించాను. ఆయన రిటైర్‌మెంట్‌కి ఇంకా ఏడాదిన్నర ఉంది, మనసు ఎప్పుడో రిటైరైంది. పదింటికి ఒకసారి బయటికొచ్చి తొమ్మిది పేర్లు రాసి మళ్ళీ లోపలికి వెళ్ళాను.

మొదటి రిజిస్టర్ సగం చెదల పాలైంది. మిగిలిన సగంలో ఉన్నది ఇదీ. బట్టలకొట్టు యజమాని పోయాక ఆయన భార్య ఇంటి ముందుగదిని లైబ్రరీకి ఇచ్చింది. ఆమెకి చదవడం రాదు. ఒకటే షరతు పెట్టింది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు పేపరు పైకి చదవాలి, తను లోపలి నుంచి వింటుంది. మొదటి రోజు హాజరు పదకొండు. పదకొండోది వేలిముద్ర. అది ఆమెదే.

పదకొండున్నరకి ఎర్రపెన్సిల్ తాతగారు గుమ్మంలో నిలబడి ఏం రాస్తున్నావమ్మా అన్నారు. చరిత్ర తాతగారూ అన్నాను. నాకు చూపించకుండా ప్రెస్సుకి ఇవ్వకు, పరువు పోతుంది అన్నారు. రేపు చూద్దురుగాని అన్నాను. ఆ తర్వాత ఇంకేదో అన్నారు. దుమ్ముకి తుమ్ములొచ్చి వినలేదు. తలెత్తేసరికి లేరు.

నవంబర్ 12, బుధవారం

గొప్ప సంగతి దొరికింది. వరద!

యాభై ఏడేళ్ళ క్రితం ఏరు పొంగి పల్లపు వీధులన్నీ మునిగాయి. లైబ్రరీ మెరక మీద ఉంది. నలభై కుటుంబాలు పదకొండు రోజులు ఇక్కడే ఉన్నాయి. పుస్తకాలన్నీ పై అరల్లోకి ఎక్కించి, కింది అరల్లో పిల్లల్ని పడుకోబెట్టారు. అప్పటి లైబ్రేరియన్ ఒక్కరోజు కూడా రిజిస్టర్ ఆపలేదు. వరద బాధితులు అని రాయలేదు. అందరినీ పాఠకులు అనే రాశాడు, పేరు పేరునా. మూడు నెలల పాప కూడా పాఠకురాలే. పదకొండు రోజులూ ఒకటే చేతిరాత. సంతకం కాలమ్‌లో పైనుంచి కిందికి గీత.

నా గీతే. నవ్వొచ్చింది. గర్వంగా కూడా అనిపించింది. అక్కతో చెప్తే, అబద్ధం కూడా యాభై ఏళ్ళు మాగితే చరిత్ర అయిపోతుందన్నమాట అంది. అక్కకి ప్రతిదానికీ మార్కులు తగ్గించడం అలవాటు. నేను పట్టించుకోలేదు. నాలుగు పేజీలు ఏకబిగిన రాశాను.

నవంబర్ 14, శుక్రవారం

రోజంతా వెనకగది. హాజరు 66.

నవంబర్ 16, ఆదివారం, మధ్యాహ్నం 1 గంట

పదకొండింటికి ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయినట్టుంది. ఎర్రపెన్సిల్ తాతగారి కూతురట. ఊరికి ఆ చివర కుట్టుకొట్టు నడుపుతుంది. ప్రతి ఆదివారం తండ్రి గదికి వెళ్ళి ఉతికిన బట్టలు ఇచ్చి, మాసినవి తీసుకెళ్తుందట. ఈరోజు వెళ్తే తాళం. ఇంటివాళ్ళని అడిగితే నాలుగైదు రోజులుగా కనపడలేదు, నీ దగ్గరికే వచ్చారనుకున్నాం అన్నారట. ఆయన ఫోన్ వాడరు. ఈమధ్య అప్పుడప్పుడూ దారి మర్చిపోతున్నాడు, కానీ ఈ ఒక్క చోటికి రావడం మాత్రం మర్చిపోడు, ఇక్కడికి వస్తున్నాడా మేడమ్ అంది.

వస్తున్నారు అన్నాను. రిజిస్టర్ తెరిచాను. తెరిచేసరికి ఈరోజు పేజీ వచ్చింది. తొమ్మిదో పేరు ఆయనదే. గంట క్రితం నేను రాసిందే. కిటికీ కింద కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టాను. వెనక్కి తిప్పి నిన్నటి పేజీ చూపించాను. ఇదిగో, నిన్న వచ్చారు అన్నాను.

ఆమె పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. మొన్న వచ్చాడా అంది. ఉంది. అటుమొన్న? ఉంది. హమ్మయ్య అంటూ కూలబడి మంచినీళ్ళు అడిగింది. అటెండర్‌ని కూడా అడిగింది. ఆయన రిజిస్టర్ వైపు ఒకసారి చూసి, ఆ, నిన్న అక్కడే కూర్చున్నారమ్మా అన్నాడు. ఆయన కావాలని అబద్ధం ఆడలేదు. రోజూ చూసే మనిషిని నిన్న చూశామో మొన్న చూశామో ఎవరికి గుర్తుంటుంది?

పోలీసులకి చెప్తాను, శనివారం దాకా బాగానే ఉన్నాడని తెలిసింది, అదే పదివేలు మేడమ్ అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళ నిండా సూదిపోట్లు.

సాయంత్రం 5 గంటలు

ఈరోజు పేజీలో తొమ్మిదో పేరు కొట్టేశాను. హాజరు 65ని 64 చేశాను.

నవంబర్ 17, సోమవారం

సెలవు. కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. శనివారం ఆయన ఎన్నింటికి వెళ్ళారు మేడమ్ అన్నాడు. పన్నెండింటికి అన్నాను. ఆయన రోజూ పన్నెండింటికే వెళ్తారు. చెప్పేటప్పుడు అది అబద్ధంలా అనిపించలేదు.

నవంబర్ 18, మంగళవారం

పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. నిద్ర లేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. చౌరస్తా కెమెరాలో శనివారం మధ్యాహ్నం నుంచి అంతా చూశాడట. ఎక్కడా లేరట. ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేసి, శనివారం తర్వాత పేరూ ఊరూ తెలియనివాళ్ళు ఎవరైనా చేరారా అని అడిగారట. లేరన్నారట. రిజిస్టర్‌లో శనివారం పేజీ ఫోటో తీసుకున్నాడు. మీ రిజిస్టర్ ఎంత నీట్‌గా ఉంది మేడమ్, మా స్టేషన్‌లోది చూస్తే ఏడుస్తారు అన్నాడు.

అతను వెళ్ళాక పాత పేపర్ల కట్ట దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఉన్నదున్నట్టు రాస్తాను. నిజం తెలుసుకుందామని కాదు. శనివారం పేపర్లో ఎర్రసున్నా ఒక్కటి కనిపిస్తే చాలు, హాయిగా భోజనం చెయ్యవచ్చని.

శనివారం పేపరు శుభ్రంగా ఉంది. శుక్రవారంది శుభ్రంగా ఉంది. గురువారంది, బుధవారంది కూడా. తప్పులు లేక కాదు. గురువారం మొదటి పేజీ హెడ్డింగులోనే ఒకటుంది, నేను కూడా పట్టుకోగలిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పదకొండో తారీఖు, మంగళవారం పేపర్లో పద్నాలుగు సున్నాలు ఉన్నాయి.

అంటే ఆయన ఆఖరుసారి వచ్చింది ఆ రోజు. శనివారం కాదు. నాలుగు రోజుల పాటు లేని మనిషిని నేను కుర్చీలో కూర్చోబెట్టాను. వాళ్ళు వెతుకుతున్నది నేను రాసిన మనిషి కోసం.

ఇది తెలిసేసరికి ఒకటిన్నర. ఆరింటిదాకా కౌంటర్‌లో ఉన్నాను. ఏడు పుస్తకాలు ఇచ్చాను, నాలుగు తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. భయం వేసింది. ఉద్యోగం పోతుందనా, 28న ఏమవుతుందనా, ఆమె నా చెయ్యి పట్టుకుందనా, విడదీసి చెప్పలేను. రేపు సెక్రటరీ గారికి చెప్తాను. ముందు ఆయనకి చెప్పడమే పద్ధతి.

నవంబర్ 19, బుధవారం

సెక్రటరీ గారు మూడున్నరకి గానీ దొరకలేదు. అంతా చెప్పాను. ఎన్నేళ్ళుగా రాస్తున్నారు ఇలా అన్నారు. ఇరవై రెండు అన్నాను. సంతకాలు లేని పేర్లు తీసేస్తే సగటు ఎంత వస్తుంది అన్నారు. యాభై అయిదు అన్నాను. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

ఇప్పుడు ఈ మాట పోలీసుల చెవిన పడితే మొత్తం రిజిస్టర్ తవ్వుతారు అన్నారు. సి గ్రేడ్ వస్తే అటెండర్ ఏమవుతాడు, ఆ చదువుకునే పిల్లలు సాయంత్రాలు ఎక్కడికి పోతారు అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. అడిగినవన్నీ నిజంగా ఆలోచించాల్సినవే. పెద్దాయన ఏ బంధువుల ఇంట్లోనో ఉండి ఉంటారు, 28 దాకా ఆగండి మేడమ్ అన్నారు.

సరే సార్ అన్నాను.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. కూర తరుగుతున్నదల్లా కత్తి కింద పెట్టింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు, ఇంకా 28 దాకా ఆగుతావా అంది. ఆమె నీ దగ్గరికి వచ్చి ఎన్ని రోజులైంది అంది. మూడు అన్నాను. నాలుగు, వేళ్ళ మీద లెక్కపెట్టు అంది. రేపు పొద్దున నువ్వు వెళ్తావా, నేను వెళ్ళనా అంది.

నవంబర్ 20, గురువారం

రాత్రి అన్నం తిన్నాను. నిద్ర కూడా బాగా పట్టింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకి స్టేషన్‌కి వెళ్ళాను. హెడ్ కానిస్టేబుల్ ఓపిగ్గా విన్నాడు. మరి శనివారం పన్నెండింటికి వెళ్ళారని ఫోన్లో చెప్పారు కదా అన్నాడు. చెప్పాను అన్నాను. ఎందుకు చెప్పారు అన్నాడు. రోజూ అప్పుడే వెళ్తారు కాబట్టి అన్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది అన్నాడు. ఈరోజు పొద్దున అన్నాను. అదే కాగితం మీద రాసుకున్నాడు.

తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఈసారి పదకొండో తారీఖు నుంచి అడిగాడు. జవాబు రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

పదకొండో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటకి వంతెన అవతల రోడ్డు పక్కన పడి ఉంటే ఆటో అతనెవరో తీసుకొచ్చి చేర్చాడు. అది ఆయన గదికి వెళ్ళే దారి కాదు. తలకి దెబ్బ. జేబులో పెన్సిల్ పొట్టు తప్ప ఏమీ లేదు. ఆసుపత్రివాళ్ళు కబురు పంపింది వంతెన అవతలి స్టేషన్‌కి. అది అక్కడే ఉండిపోయింది. ఇటువైపు వాళ్ళు శనివారం నుంచే అడిగారు. శనివారం తర్వాత ఎవరూ చేరలేదు. నిజమే చెప్పారు.

ఎనిమిది రోజులు బతికే ఉన్నారు. నిన్న సాయంత్రం నాలుగింటికి పోయారు.

నిన్న నాలుగింటికి నేను సెక్రటరీ గారి గదిలో ఉన్నాను.

నవంబర్ 21, శుక్రవారం

లైబ్రరీ నుంచి ఆసుపత్రికి నడిస్తే పద్నాలుగు నిమిషాలు. నడిచి చూశాను.

వార్డులో నర్సు ఆయన మంచం చూపించింది. అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. తాతకి పేరు అడిగితే చెప్పలేకపోయేవాడమ్మా అంది. పొద్దున్నే కళ్ళు తెరిచి పేపరు వచ్చిందా అని మాత్రం అడిగేవాడట. వస్తుంది తాతా, పడుకో అనేదట. అందుకే కేసుషీటులో వృత్తి దగ్గర పేపర్ ఏజెంట్ అని రాశాను, తప్పా అమ్మా అని అడిగింది.

తప్పు కాదన్నాను.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాను. ముప్ఫై నాలుగు.

నవంబర్ 23, ఆదివారం

ఆమె వచ్చింది.

రీడింగ్ రూములో ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. డ్రైవర్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. రిజిస్టర్ సంగతి పోలీసులు చెప్పారట. అరుస్తుందని రెండు రోజులుగా సిద్ధపడి ఉన్నాను. అరవలేదు. పదకొండున వచ్చాడని అంటున్నారు, అదైనా నిజమేనా మేడమ్ అంది. రిజిస్టర్ వైపు చూడను కూడా లేదు.

ఆ రోజు పేపరు తెచ్చి ముందు పరిచాను. ఆమె ఒక్కో సున్నా మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. పక్కన ఆయన రాసిన మాటలు పెదవులతో చదువుకుంది. చివరి పేజీకి చేరడానికి చాలాసేపు పట్టింది. ఇది నాన్నే అంది.

అప్పుడు అడిగింది, ఇది మీరెప్పుడు చూశారు అని.

గురువారం పొద్దున అన్న మాట నాలుక చివర ఉంది. పోలీసు కాగితంలో అదే ఉంది. ఎవరూ దాన్ని తిరగేసి చూడరు. మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకి అన్నాను.

ఆమె బొటనవేలు మిగతా వేళ్ళ మీద కదిలింది. లెక్కపెడుతోందని తెలిసింది. ఆ లెక్క నేను ముందే కట్టాను. ఇరవై ఆరున్నర గంటలు.

బతికేవాడని అనను, మొదటి రోజే కష్టమన్నాడట డాక్టరు అంది. పక్కన కూర్చునేదాన్ని మేడమ్, అంతే అంది.

క్షమించమని అడగాలనిపించింది. అడిగితే క్షమిస్తుంది, అలాంటి మనిషిలా ఉంది. అందుకే అడగలేదు. పేపరు తీసుకెళ్ళండి అన్నాను. లైబ్రరీది కదా అంది. మడిచి చేతిలో పెట్టాను.

గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను వచ్చినట్టు మీ పుస్తకంలో రాయకండి అంది.

నవంబర్ 25, మంగళవారం

పేర్లు రాయడం మానేశాను. ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలని ఎనిమిది మందికీ చెప్పాను. డ్రైవర్‌కి కోపం వచ్చింది, ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు మమ్మల్ని దొంగల్ని చేస్తున్నారా అని. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వచ్చి సంతకం పెట్టాడు. కంపౌండర్ పేరుతో పాటు అడ్రసు, కొడుకు ఫోన్ నంబరు కూడా రాశాడు. డ్రిల్ మాస్టారు వచ్చేటప్పుడు ఒకటి, వెళ్ళేటప్పుడు ఒకటి పెట్టారు. వెళ్తూ నా ముందు నిలబడి, నేను వెళ్తున్నానమ్మా, చూశావు కదా అన్నారు.

చూశాను అన్నాను.

నవంబర్ 26, బుధవారం

చరిత్ర ఇచ్చేశాను. వరద నాలుగు పేజీలూ తీసేశాను. సెక్రటరీ గారు లబోదిబోమన్నారు. ఉన్నవాటిలో అదే బాగుంది కదా మేడమ్ అన్నారు. నిజమో కాదో తెలియదు సార్ అన్నాను. రిజిస్టర్ ఉంది కదా అన్నారు.

ఉంది. నలభై కుటుంబాలూ పదకొండు రోజులూ ఉన్నాయి. ఒకటే చేతిరాత. మధ్యలో ఎవరైనా వెళ్ళిపోయారేమో, ఎవరి కోసమైనా ఎవరైనా వచ్చి అడిగారేమో, ఆ లైబ్రేరియన్ ఏ పేజీ చూపించాడో, ఆ మూడు నెలల పాప పదకొండో రోజు దాకా నిజంగా అక్కడ ఉందో లేదో నాకు తెలియదు. ఇదంతా ఆయనతో అనలేదు. ఆయన నాలుగు పేజీలూ తీసుకుని మళ్ళీ మధ్యలో పెట్టుకున్నారు.

నవంబర్ 28, శుక్రవారం

ఇన్‌స్పెక్షన్ అయింది. ఇన్‌స్పెక్టర్ గారు ఇరవై నిమిషాలు ఉన్నారు. రిజిస్టర్ మూడుచోట్ల తిరగేశారు. కూడికలు చూశారు. సంతకాల గీతల మీద చూపు ఒక్కసారి కూడా ఆగలేదు. మీరు ఏమైనా చెప్పాలా అని అడిగారు. చెప్పాలి అన్నాను. సెక్రటరీ గారు టీ కప్పు కింద పెట్టారు.

చెప్పాను. తొమ్మిది పేర్లు, గీత, ఎర్రపెన్సిల్ తాతగారు, అన్నీ. ఇన్‌స్పెక్టర్ గారు మధ్యలో ఆపలేదు. అన్ని చోట్లా రోజువారీ వాళ్ళకి అలాగే రాస్తారు మేడమ్, మీరు మరీ మనసుకి పట్టించుకుంటున్నారు అన్నారు. నాకు మంచినీళ్ళు తెప్పించారు. బి గ్రేడ్ ఉంచారు. రిమార్కుల్లో రికార్డుల నిర్వహణ సంతృప్తికరం అని రాశారు.

అక్కకి చెప్పాను. అక్క ఏమీ అనలేదు. అక్క ఏమీ అనకపోవడం ఇదే మొదటిసారి.

నవంబర్ 30, ఆదివారం

హాజరు 58. అందరూ సంతకం పెట్టినవాళ్ళే.

డిసెంబర్ 2, మంగళవారం

ఈరోజు వెళ్ళలేదు. లేవబుద్ధి కాలేదు. సెలవుచీటీ కూడా పంపలేదు.

పదకొండింటికి అటెండర్ ఫోన్ చేశాడు. మీరేం కంగారుపడకండి మేడమ్, స్టాఫ్ రిజిస్టర్‌లో మీ సంతకం నేనే పెట్టేశాను అన్నాడు.

కాబట్టి ఆరింటిదాకా నేను లైబ్రరీలోనే ఉన్నాను. నన్ను వెతకాల్సి వస్తే అక్కడ వెతుకుతారు.